మైలాపూరు తెలుగు వ్యాసరచన: ఉక్కుపాళీ నుంచి వర్డ్ ప్రాసెసర్ దాకా

మన సాహిత్య చరిత్రలు కవులను గూర్చి, కావ్యాలను గూర్చి, పోషకులను గూర్చి వివరంగా చెబుతాయి. బడిలోనో కళాశాలలోనో విద్యార్థి రాసిన వ్యాసాన్ని గూర్చి మాత్రం దాదాపు ఏమీ చెప్పవు. అయినా ఆధునిక తెలుగు వచనం విషయంలో జరిగిన పెద్ద పోరాటం విద్యార్థి జవాబు పత్రం మీదనే మొదలయింది. అది మదరాసు నగరంలోనే సాగింది. ఆ కారణం చేత ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులు తమ నోటుపుస్తకంలోని నాలుగు పేజీల రాతకు కూడా ఒక చరిత్ర ఉన్నదని తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఆ చరిత్రలో మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. విద్యార్థి ఏ భాషలో రాయాలి? ఏ పనిముట్టుతో రాయాలి? రాసినదాన్ని ఎన్నిసార్లు తిరిగి చూసుకోవాలి? మొదటి ప్రశ్నను మన పెద్దలు నూరేళ్ళకు ముందే చర్చించారు. రెండవది కంప్యూటరుతో మన తరగతి గదిలోకి వచ్చింది. మూడవదాన్ని మనలో అడిగినవారు చాలా తక్కువ. అన్నిటికంటె ముఖ్యమైనది ఈ మూడవదేనని ఈ వ్యాసంలో చూపదలచాము. మైలాపూరును ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. తెలుగు చదువు, తెలుగు అచ్చు, తమిళ పరిసరం, ఈ మూడూ పక్కపక్కనే ఉన్న పేట అది.

పాఠాంతరాల కాలం

తాటాకు మీద గంటంతో రాసేవాడికి చెరిపే వీలు లేదు. గీసిన గీత గీసినట్టే ఉండిపోతుంది. అందువల్ల రచన అంతా ముందు మనసులో జరిగి తరువాత ఆకు మీదికి వచ్చేది. తప్పు దొర్లితే దాన్ని కొట్టివేసి పక్కన సరిచేసేవారు. ప్రతి రాసుకొనే లేఖకుడి చేతిలో ఒక పదం మారితే అది మరొక పాఠం అయ్యేది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు గ్రంథాలను సేకరించి, పండితుల చేత ప్రతులను సరిపోల్పించి, శుద్ధప్రతులు తయారు చేయించిన సంగతి మనకు తెలుసు. 1845లో ఆయన తన తెలుగు ప్రతులను మదరాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. తరువాత అవి మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఆ ప్రతులను చూసిన విద్యార్థికి ఒక విషయం తేలికగా బోధపడుతుంది. ఒకే పద్యానికి నాలుగు పాఠాలు ఉన్నప్పుడు ఏది మేలైనది, ఎందుకు మేలైనది అని ఆలోచించడమే పాఠపరిష్కరణ. ఇతరుల రచన మీద మన పండితులు చూపిన ఈ శ్రద్ధ విద్యార్థి స్వంత రచన మీద చూపమని ఎవరూ నేర్పలేదు. బడిలో వ్యాసం అంటే ఒకసారి రాసి ఇచ్చేది, ఎర్రసిరాతో దిద్దించుకొనేది, మార్కులు చూసుకొని మూసివేసేది.

అచ్చు వచ్చిన తరువాత దిద్దుబాటుకు మరొక చోటు దొరికింది. 1854లో మదరాసులో స్థాపితమైన వావిళ్ళ వారి ముద్రణాలయంలో పండితులు ప్రూఫులు దిద్దేవారు. అక్షరాలు పేర్చేవాడు గళ్ళలోనుంచి ఒక్కొక్క సీసపు అక్షరాన్ని తీసి, వత్తులను, గుణింతపు గుర్తులను కూర్చేవాడు. ఒక మాట మార్చితే పంక్తి అంతా కదిలేది. దిద్దుబాటుకు ఖర్చు ఉండేది గనుక అది అవసరమైన మేరకే జరిగేది. బడిపిల్లవాడి పరిస్థితీ అంతే. ఉక్కుపాళీతో రాసిన పేజీలో రెండు వాక్యాల స్థానం మార్చాలంటే పేజీ అంతా తిరగరాయాలి. తిరగరాయడం శిక్షగానే తప్ప రచనలో భాగంగా ఎవరికీ తోచలేదు.

జవాబు పత్రం మీద వివాదం

1910 తరువాతి సంవత్సరాలలో మదరాసు విశ్వవిద్యాలయ పరిధిలో దేశభాషా వ్యాసరచనకు పరీక్షలలో ప్రాముఖ్యం పెరిగింది. వెంటనే ఒక సమస్య ఎదురయింది. విద్యార్థి తాను మాట్లాడే శిష్టుల భాషకు దగ్గరగా రాయవచ్చునా, లేక కావ్యవ్యాకరణానికి లోబడిన గ్రాంథికంలోనే రాయాలా? గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు మొదటి పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులు రెండవ పక్షానికి నాయకత్వం వహించారు. 1911లో మదరాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షానికి బలం ఇచ్చింది. మదరాసు క్రైస్తవ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసిన వేదం వేంకటరాయ శాస్త్రి కూడా గ్రాంథికాన్నే సమర్థించారు. అయితే తన నాటకాలలో పాత్రోచిత భాషను వాడినవారు ఆయనే కావడం గమనింపదగినది.

విశ్వవిద్యాలయం నియమించిన తెలుగు వ్యాసరచనా సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపే మొగ్గారు. 1914లో గురజాడ తన భిన్నాభిప్రాయ పత్రాన్ని ఆంగ్లంలో విశ్వవిద్యాలయానికి సమర్పించారు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. ఆ విడత గ్రాంథికానిదే పైచేయి అయింది. వ్యావహారికం విద్యాసంస్థలలో నిలదొక్కుకోవడానికి ఇంకా అనేక దశాబ్దాలు పట్టింది.

ఈ వివాదాన్ని మనం సాధారణంగా భాషాశైలి వివాదంగా చదువుతాము. దాన్ని బోధనా సమస్యగా చూస్తే మరొక అంశం బయటపడుతుంది. అరసున్నలు, శకటరేఫలు, ద్రుతసంధులు మొదటి పంక్తి నుంచీ తప్పకుండా పాటించవలసి వస్తే విద్యార్థి దృష్టి అంతా తప్పు దొర్లకుండా చూసుకోవడం మీదనే ఉంటుంది. చెప్పవలసిన సంగతి వెనకబడుతుంది. ముందు ఆలోచనను కాగితం మీద పెట్టి, ఆ తరువాత భాషను సవరించుకొనే వెసులుబాటు ఆనాటి విద్యార్థికి లేదు. వ్యావహారిక వాదులు అడిగిన స్వేచ్ఛలో ఇది కూడా ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

మైలాపూరు తెలుగు చిరునామాలు

ఇక మైలాపూరుకు వద్దాం. లజ్ చర్చి రోడ్డులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసమైన శ్రీబాగ్ ఉండేది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికను ఆయన 1914లో మదరాసులో దినపత్రికగా ప్రారంభించారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. తెలుగువారి విమర్శ వ్యాసానికి చాలా కాలం ఆ పత్రికే ప్రమాణం. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒప్పందం కుదిరినది ఆ ఇంటిలోనే. ఆ ఒప్పందంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడ ఉండాలన్న అంశం కూడా చేరడం ఆనాటివారు చదువుకు ఎంత విలువ ఇచ్చారో తెలుపుతుంది. నేడు అదే రోడ్డులోని ఉద్యానవనం పంతులుగారి పేరుతో ఉంది.

ఆయుర్వేద వైద్యుడుగా ధనం సంపాదించి, 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించిన కె.ఎన్. కేసరి పేరు మీద ఈ పేటలో పాఠశాల వెలసింది. నగరంలోని తెలుగు పిల్లలకు అది చిరకాలం ఆశ్రయం. మైలాపూరు సముద్రతీరాన 1914లో మహిళా కళాశాల ఏర్పడింది. అదే తరువాత క్వీన్ మేరీస్ కళాశాల అయింది. 1946లో వివేకానంద కళాశాల వచ్చింది. కొంచెం దూరంలో మెరీనా ఒడ్డున మదరాసు విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో కోరాడ రామకృష్ణయ్య వంటివారు పరిశోధనకు బాట వేశారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మదరాసు తమిళుల వైపే ఉండిపోయింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు విద్యార్థి స్థితి మారింది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఆంగ్లం. తెలుగు వినడానికి, మాట్లాడడానికి అవకాశాలు మిగిలాయి గాని రాయడానికి ఉన్న చోట్లు తగ్గాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటవ తరగతి నుంచి క్రమంగా తమిళం తప్పనిసరి అయింది. 2015-16 విద్యా సంవత్సరానికి అది పదవ తరగతిని చేరుకొంది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల మినహాయింపు విషయం న్యాయస్థానాలకు వెళ్ళింది. ఆ వాదోపవాదాలు ఇక్కడ మా విషయం కాదు. తెలుగు రాసే గంటలు తక్కువైనచోట ఉన్న గంటను ఎలా వాడుకోవాలన్నదే మా విషయం.

యంత్రం ఎలా వచ్చింది

1964లో ఐ.బి.ఎం. సంస్థ అయస్కాంతపు టేపుతో పనిచేసే టైపు యంత్రాన్ని విడుదల చేసింది. టైపు చేసినదాన్ని నిలవ ఉంచి, దిద్ది, మళ్ళీ టైపు చేయించే సౌకర్యం దానితో వచ్చింది. వర్డ్ ప్రాసెసింగ్ అన్న మాట ఆ సంస్థ వాడుకతోనే ప్రచారంలోకి వచ్చింది. 1970ల చివర వర్డ్‌స్టార్ చిన్న కంప్యూటర్ల మీదికి వచ్చింది. ఇవన్నీ కార్యాలయాల కోసం పుట్టినవి. పిల్లల కోసం ప్రత్యేకంగా తయారైనవాటిలో ముఖ్యమైనది 1982లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ విద్యా కళాశాల చొరవతో వచ్చిన బ్యాంక్ స్ట్రీట్ రైటర్. బడిపిల్లవాడు కూడా రచయితలాగే తన రాతను మార్చుకోవచ్చునన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

మన దేశంలో 1984లో క్లాస్ అనే పేరుతో బడులలో కంప్యూటర్ల పథకం మొదలయింది. సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలు చేరాయి. అవి ఆంగ్లంలో పనిచేసే యంత్రాలు. భారతీయ భాషల కోసం ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలైన కృషి 1988లో పుణెలో స్థాపితమైన సీ-డాక్ సంస్థలో జిస్ట్ కార్డుగా స్థిరపడింది. దానికి ఆధారం ఇస్కీ అనే సంకేత పద్ధతి. 1991లో అది భారతీయ ప్రమాణం అయింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే సంకేతాలు ఇవ్వడం దాని విశేషం. తెలుగు ‘క’కూ తమిళ ‘క’కూ ఒకే సంఖ్య. లిపిని మార్చే మీట నొక్కితే తెలుగు పంక్తి తమిళ లిపిలో కనబడేది. మైలాపూరు వంటి చోట ఉపాధ్యాయుడికి ఇది ఎంత పనికివచ్చేదో ఊహించవచ్చు. ఆ కార్డు ధర, ప్రత్యేకమైన అమరిక కారణంగా అది ఎక్కువగా కార్యాలయాలలోనే ఉండిపోయింది.

చెన్నైలోనే ఐ.ఐ.టి. మద్రాసు ప్రయోగశాల ఒకటి భారతీయ భాషల సంపాదకాన్ని వేరే దారిలో తయారుచేసింది. అక్కడివారు విడి అక్షరాలకు గాక, గుణింతంతో వత్తులతో కూడిన పూర్తి అక్షరానికి ఒక సంకేతాన్ని కేటాయించారు. మన బడిలో అక్షరం అనేది ఇదే. ‘స్త్రీ’ అన్నది పిల్లవాడికి ఒక్క అక్షరం. చూపులేని విద్యార్థులు కూడా వాడుకొనేలా దానికి మాటను జోడించే కృషి అక్కడ జరిగింది. సంకేతాల విషయంలో లోకం తరువాత వేరే మార్గం పట్టింది. అయినా అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్నను కంప్యూటరు ముందు పెట్టిన ఘనత ఆ ప్రయోగశాలకు దక్కుతుంది.

1990లలో తెలుగు విద్యార్థికి ఎదురైన కంప్యూటరు తెలుగు ఇది కాదు. అది అచ్చుకూటాల తెలుగు. అను, శ్రీలిపి వంటి అక్షరరూపాలు ప్రచురణ రంగాన్ని ఆక్రమించాయి. వాటిలో నిలవ ఉండేది అక్షరం కాదు, అక్షరపు ముక్కల బొమ్మ. ‘స్త్రీ’ని దాచినప్పుడు గుడిదీర్ఘంతో కూడిన ‘స’ బొమ్మ, తవత్తు బొమ్మ, రవత్తు బొమ్మ అని ఉండేవి. ఒక అక్షరరూపంలో ఉన్న సంఖ్యలు మరొకదానిలో ఉండవు. ఒక యంత్రంలో రాసిన వ్యాసం ఆ అక్షరరూపం లేని మరో యంత్రంలో తెరిస్తే ఆంగ్ల అక్షరాల, గుర్తుల కలగాపులగంగా కనిపించేది. వెతకడం, అకారాది క్రమంలో పెట్టడం, తప్పులు పట్టడం సాధ్యమయ్యేవి కావు. కాగితం మీద చూడడానికి అది తెలుగే. యంత్రానికి మాత్రం అది ఏ భాషా కాదు.

ఈ గందరగోళానికి విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అది యంత్రాలలోకి దిగడానికి పదేళ్ళు పట్టింది. 2000లో వచ్చిన విండోస్‌లో దేవనాగరి, తమిళ లిపులకు వసతి ఉంది, తెలుగుకు లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే అక్షరరూపం వచ్చి ఆ కొరత తీర్చింది. అంటే మైలాపూరులో ఒకే యంత్రం ముందు కూర్చున్న తమిళ విద్యార్థికి తెలుగు విద్యార్థి కంటె ముందుగానే తన లిపి దొరికింది. 1999లో తమిళనాడు ప్రభుత్వం తమిళానికి కీబోర్డు ప్రమాణాన్ని నిర్ణయించింది. 2005లో కేంద్ర ప్రభుత్వం తమిళానికి, తెలుగుకు ఉచిత సాఫ్ట్‌వేర్ పళ్ళేలను విడుదల చేసింది. 2011 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పంపిణీ మొదలుపెట్టింది. యంత్రం ఇంటికే వచ్చింది. అందులో తెలుగు రాయవచ్చునన్న సంగతి చెప్పేవారు మాత్రం తక్కువ.

వేళ్ళు, అక్షరాలు

యంత్రంలో తెలుగు రాయడానికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది పాత టైపు యంత్రపు వరస. అందులో చేతికి అలవాటైనది అక్షరపు ఆకారం. రెండవది ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రతిపాదించినది. ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడిచేతి కింద హల్లులు. ‘క’ మీట మీదనే పై వరుసలో ‘ఖ’ ఉంటుంది. మూడవది రోమను అక్షరాలతో ఉచ్చారణను టైపు చేసి తెలుగు రాబట్టే పద్ధతి. దీనికి మూలమైన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణను 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు రూపొందించారు. తెలుగునాటికి వెలుపల ఉన్న విద్యార్థుల అవసరమే ఆ పనిముట్టును పుట్టించింది. 2006లో వచ్చిన లేఖిని ఈ దారినే సామాన్యులకు అందించింది.

ఈ మూడింటిలో ఏది విద్యార్థికి మేలు? రోమను దారి తొందరగా పట్టుబడుతుంది. ఆంగ్ల కీబోర్డు అలవాటైన పిల్లవాడు పది నిమిషాలలో తన పేరు రాసుకోగలడు. దానివల్ల ఒక లాభం కూడా ఉంది. చిన్న టీ కొడితే ‘త’, పెద్ద టీ కొడితే ‘ట’ అని తెలిసినప్పుడు ఆ రెండు ధ్వనుల భేదం మీద దృష్టి పడుతుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే గుర్తు గనుక, తమిళం ముందు నేర్చిన తెలుగు పిల్లవాడికి ఈ భేదాలను ఎంచుకోవలసి రావడం మంచి అభ్యాసం. నష్టం ఏమిటంటే తెలుగు పదాన్ని ప్రతిసారీ ఆంగ్ల అక్షరాలలో ఊహించుకోవలసి రావడం. తెలుగు అక్షరం వాడికి ఫలితంగా కనబడుతుందే గాని చేతికి రాదు.

ఇన్‌స్క్రిప్ట్ కష్టమని చాలామంది దాని జోలికి పోరు. కాని చెన్నై విద్యార్థి విషయంలో మేము గమనించిన ఒక అనుకూలత ఉంది. ‘అక్క’ అని చేతితో రాసేటప్పుడు తెలుగు పిల్లవాడు ‘క’ రాసి దాని కింద కవత్తు ఇస్తాడు. తమిళ పిల్లవాడు చుక్క పెట్టిన ‘క’ రాసి దాని పక్కన మరొక ‘క’ రాస్తాడు. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టవలసిన వరస ‘అ’, ‘క’, పొల్లు, ‘క’. ఇది తమిళ రాతకు చాలా దగ్గర. వీధిలోని బోర్డులు చదివి తమిళ లిపి నేర్చుకొన్న మైలాపూరు తెలుగు విద్యార్థికి ఈ వరస కొత్తది కాదు. పరిసర భాష ఇక్కడ తెలుగుకు అడ్డు రాదు, పైగా సహాయపడుతుంది.

ఇంకొక సంగతి. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్నది ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సాధారణంగా బ్యాక్‌స్పేస్ మీట ఒకసారి నొక్కితే గుడిదీర్ఘం మాత్రమే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. మళ్ళీ నొక్కితే ‘ర’ పోతుంది. సంయుక్తాక్షరం ఏయే ధ్వనుల కలయికో వ్యాకరణం సూత్రంగా చెబుతుంది. దాన్ని విప్పి చూపే పని ఈ మీట చేస్తుంది. పాత ముద్రణలో వలపలగిలక ఉన్న ‘కర్మ’లో రేఫ గుర్తు ‘మ’కు కుడివైపున ఉండేది. కంటికి కనబడే వరస ఒకటి, చెవికి వినబడే వరస మరొకటి. యంత్రం చెవి వరసనే నిలవ ఉంచుతుంది. వత్తులు తారుమారుగా రాసే పిల్లల చేత ఇటువంటి పదాలు పది కొట్టించి, ఒక్కొక్క మీటతో వెనక్కు తీయించడం మంచి పాఠం అవుతుంది.

పరీక్షకు వచ్చిన యంత్రం

ఇంత సాధన సంపత్తి ఉన్నా తరగతిలో ఏమి జరిగింది? తమిళనాడు ఉన్నత మాధ్యమిక కంప్యూటరు పాఠ్యపుస్తకాలలో ఒక దశలో స్టార్ ఆఫీస్ రైటర్, తరువాత ఓపెన్ ఆఫీస్ రైటర్ పాఠాలుగా వచ్చాయి. విద్యార్థులు అక్షరాలను ముదురు చేయడం, పేరాలను సర్దడం, పట్టికలు గీయడం నేర్చుకొని పరీక్షలో జవాబులు రాశారు. ఆ జవాబులు రాసింది చేతితోనే. అంటే వర్డ్ ప్రాసెసర్ రాసే సాధనంగా గాక, రాయవలసిన విషయంగా బడిలోకి ప్రవేశించింది. పక్క గదిలో తెలుగు వ్యాసం మాత్రం ఎప్పటిలాగే ఒకసారి రాసి ఇచ్చేదిగా ఉండిపోయింది. ఈ రెండు గదుల మధ్య తలుపు తెరవకపోవడమే మా దృష్టిలో అసలు లోపం.

పాశ్చాత్య దేశాలలో ఈ విషయం మీద పరిశోధన విస్తారంగా జరిగింది. 1985లో కొలెట్ దైయూట్ కంప్యూటరు రచనను గూర్చి ఉపాధ్యాయుల కోసం గ్రంథం రాసింది. 1993లో రాబర్ట్ బాంగర్ట్-డ్రౌన్స్ అంతకు ముందు జరిగిన 32 అధ్యయనాలను కలిపి పరిశీలించాడు. వర్డ్ ప్రాసెసర్‌తో నేర్చుకొన్న విద్యార్థుల రచనలు కొంత నిడివి పెరిగాయనీ, నాణ్యతలో మెరుగుదల ఉన్నా అది స్వల్పమేననీ ఆయన తేల్చాడు. యంత్రం దానంతట అది మంచి రచయితను తయారు చేయదన్నమాట. విద్యార్థిని వదిలేస్తే ఒక అక్షరాన్నో ఒక పదాన్నో దిద్ది తృప్తి పడతాడు. పేరాను ఎత్తి మరోచోట పెట్టడం, అనవసరమైనదాన్ని తీసివేయడం, వాదంలో ఖాళీని గుర్తించి పూరించడం ఎవరో నేర్పితేనే వస్తాయి.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. ఆంగ్లంలో తప్పు పదం కింద ఎర్రగీత వస్తుంది. తెలుగులో ఒక క్రియకు, ఒక నామానికి ప్రత్యయాలు చేరి, సంధులు జరిగి ఏర్పడే రూపాలు లెక్కకు అందవు. వాటన్నిటినీ జాబితాగా ఇవ్వడం సాధ్యం కాదు. పదాన్ని విడదీసి చూసే పదవిశ్లేషకం కావాలి. ఆ దిశగా హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రవేత్తలు చిరకాలం కృషి చేశారు. అయినా విద్యార్థి యంత్రం వైపు చూడకుండా తన తప్పు తాను పట్టుకోవలసిన అవసరం తెలుగులో ఆంగ్లంలో కంటె ఎక్కువే. దీన్ని లోటుగా కంటె అవకాశంగా భావించడం మంచిది.

మళ్ళీ పాఠాంతరాలకు

కాబట్టి తెలుగు బోధకులకు, విద్యార్థులకు మేము చేసే సూచన కొత్తది కాదు. బ్రౌన్ పండితులు చేసిన పనినే విద్యార్థి తన రచనకు చేసుకోవాలి. వర్డ్ ప్రాసెసర్‌లో ఒక ప్రమాదం ఉంది. దిద్దిన ప్రతిసారీ పాత పాఠం ఆనవాలు లేకుండా పోతుంది. తాటాకు చెరగనీయదు, యంత్రం మిగలనీయదు. అందువల్ల మొదటి రాతను ఒకటవ ప్రతిగా, దిద్దినదాన్ని రెండవ ప్రతిగా, చివరిదాన్ని మూడవ ప్రతిగా వేరువేరు పేర్లతో భద్రపరచాలి. వ్యాసం అప్పగించేటప్పుడు మూడూ ఇవ్వాలి. ఉపాధ్యాయుడు చివరి ప్రతికి మాత్రమే గాక, ఒకటవ ప్రతి నుంచి మూడవ ప్రతికి జరిగిన ప్రయాణానికి కూడా మార్కులు కేటాయించాలి. ఏ పదం మార్చావు, ఎందుకు మార్చావు అని విద్యార్థి చేత నాలుగు పంక్తుల పరిష్కర్త పీఠిక రాయించాలి.

తరగతిలో దీన్ని ఆచరించడానికి ప్రతి విద్యార్థికీ ఒక యంత్రం అక్కరలేదు. ఇద్దరికి ఒకటి చాలు. ఒకరు చెబుతూ ఉంటే మరొకరు కొడతారు. చెప్పేవాడు ఇంటి తెలుగులో చెబుతాడు. కొట్టేవాడు దాన్ని రాతలో ఎలా పెట్టాలని అడుగుతాడు. ‘వచ్చేసినాను’ అనాలా, ‘వచ్చేశాను’ అనాలా? హోసూరు ఇంటిలో ఒకటి, చెన్నై ఇంటిలో మరొకటి వినిపించవచ్చు. మాట్లాడే రూపానికీ రాసే రూపానికీ మధ్య జరిగే ఈ బేరం 1914లో పెద్దలు చేసిన వాదమే. తేడా ఒక్కటే. అప్పుడు విద్యార్థి తరఫున ఇతరులు వాదించారు. ఇప్పుడు విద్యార్థే తెర ముందు కూర్చుని తీర్పు చెబుతాడు. ముందు ఇంటిమాటలో రాసుకొని తరువాత సవరించుకొనే వెసులుబాటు వాడికి ఉంది.

చేతిరాత వద్దని మేము అనడం లేదు. మన పరీక్షలు ఇంకా ప్రధానంగా చేతితోనే జరుగుతున్నాయి. అక్షరం మీద పట్టు చేతితోనే మొదలవుతుంది. ఒకటవ ప్రతి నోటుపుస్తకంలో రాసి, రెండవది యంత్రంలో ఎక్కించినా మా సూచనకు భంగం లేదు. పైగా చేతితో రాసినదాన్ని కొట్టేటప్పుడు ప్రతి వాక్యాన్నీ రెండవసారి చదవక తప్పదు. అదే మొదటి దిద్దుబాటు.

నేడు పరిస్థితి ఇంకా మారింది. 2017 నుంచి ఫోనులో తెలుగు మాట్లాడితే అక్షరాలుగా వస్తున్నాయి. అడిగితే వ్యాసాన్నే రాసి పెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. చివరి ప్రతి ఎవరికైనా సులభంగా దొరికే కాలంలో విద్యార్థి స్వంతమని చెప్పదగినది ఒకటవ ప్రతీ, దానిని మార్చిన కారణాలూ మాత్రమే. వాటిని అడగని తరగతి గదిలో తెలుగు వ్యాసం ఉన్నా తెలుగు రాసేవాడు ఉండడు.

ఆంధ్రదేశంలో ఉన్న విద్యార్థికి తెలుగు రాత తగ్గితే అది ఒక విషయంలో వెనకబాటు మాత్రమే. వెలుపల ఉన్నవారికి అది అంతకంటె పెద్ద నష్టం. ఇంటిలో తెలుగు మాట నిలిచినా రాత పోయిన కుటుంబాలు తమిళనాడులో వేలకు వేలు ఉన్నాయి. రాత పోయిన తరువాత రెండవ తరానికి పుస్తకం పోతుంది, మూడవ తరానికి మాటలో పదాలు పోతాయి. ఒక వారానికి ఒక తెలుగు గంట, ఇద్దరికి ఒక యంత్రం, ఒక వ్యాసానికి మూడు ప్రతులు. మైలాపూరులో గాని, మరెక్కడ గాని ఇంతమాత్రం ఏర్పాటు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. విద్యార్థులు తమ ఒకటవ ప్రతులను చెరిపివేయకుండా దాచుకోవడంతో ఈ పని ఈ వారమే మొదలుకావచ్చు.